పదమూడో అంతస్తులో బట్టతల

నలభై ఏళ్ళుగా అత్తగారు ఒక అబద్ధాన్ని కంటికి రెప్పలా కాపాడుకుంటూ వచ్చింది. పెళ్ళికి ముందు నాలుగేళ్ళు రేడియోల ఫ్యాక్టరీలో పనిచేశానని మొగుడికి చెప్పింది. ఆయన ఉన్నన్నాళ్ళూ నమ్మాడు. కొడుక్కి చెప్పింది. వాడు సరిగ్గా విననైనా వినలేదు. కోడలికీ చెప్పింది. చిక్కంతా అక్కడే వచ్చింది, ఎందుకంటే కోడలు చేసేది సర్క్యూట్ బోర్డులు బాగుచేసే పని.

అవి ఏ రేడియోవో, మిక్సీవో బోర్డులు కావు. బీరువా అంత ఎత్తుండి, నిలబడి ఆడే పాత వీడియో గేమ్ యంత్రాలుంటాయే, వాటి పొట్టలోవి. వీధి వైపు గదిలో పొడుగాటి బల్ల వేసుకుని, భూతద్దం బిగించిన దీపం కింద తల దూర్చి కూర్చుందంటే కోడలికి ఆకలి దప్పులుండవు. ఆ బోర్డులు చేసిన కంపెనీలు ఎప్పుడో మూతబడ్డాయి. ఏ తీగ ఎక్కడికి పోతుందో చెప్పే పటాలు లేవు, అడుగుదామంటే మనుషులు లేరు. అందుకని లోకం నలుమూలలా ఉన్న ఓ అరవై మంది రిపేరు వాళ్ళు కూడబలుక్కుని, తలా ఒక చెయ్యి వేసి, ఎవరికి తీరికైనప్పుడు వాళ్ళు రాస్తూ ఒక సాఫ్ట్‌వేర్ తయారుచేసుకున్నారు. దానికి ‘నాడి’ అని పేరు పెట్టింది కోడలే. మణికట్టు పట్టుకుని రోగం చెప్పడం గురించి ఆమె వివరిస్తే అందరికీ నచ్చింది.

నాడి చేసే పని చెప్పుకోడానికి తేలికే. చిప్‌కి ఒక క్లిప్పు తగిలించి, దాని తీగని కంప్యూటర్‌కి కలిపితే, చిప్ లోపల రాసి ఉన్నదంతా చదివి, ఇన్నేళ్ళూ అందరూ పోగుచేసిన జాబితాతో పోల్చి చూస్తుంది. చూసి మూడు మాటల్లో ఏదో ఒకటి చెబుతుంది: బాగుంది, చెడిపోయింది, ఎప్పుడూ చూడలేదు. ఆ జాబితాకి కాపలా కాసేది గుడ్లగూబ అని పేరు పెట్టుకున్న ఒకాయన. ఆయన ఎవరో, ఎక్కడుంటాడో ఎవరికీ తెలీదు. ఆయన ఒప్పుకోందే జాబితాలో ఒక్క అక్షరం కదలదు. ఇన్నేళ్ళలో ఆయన ఒకే ఒక్కసారి ‘థాంక్స్’ అన్నాడనీ, అదీ వేలు తగిలి పొరపాటున పడిందనీ మిగతావాళ్ళు చెప్పుకుంటారు.

ఒక మంగళవారం పొద్దున సెలూన్ ఆయన తువ్వాలులో చుట్టిన బోర్డుని చంటిపిల్లలా ఎత్తుకుని వచ్చాడు.

“చెల్లెమ్మా, నా సెలూన్‌లో జనం కూచునేది నా కత్తెర చూసి కాదు, దీన్ని చూసి. వారం నుంచి ఇది మూగనోము పట్టింది. జనం ఎదురు సెలూన్‌లోకి పోయి, అక్కడ గుండ్లు చేయించుకున్నట్టు బయటికొస్తున్నారు. ఎలాగైనా లేపు.”

ఆట పేరు ‘మెట్ల దొంగ’. ఇరవై అంతస్తుల మేడ, అంతస్తుకో కాపలావాడు. వాళ్ళ కళ్ళు కప్పి దొంగ పైకెక్కుతూ పోవాలి. కోడలు బోర్డుని తన పరీక్ష పెట్టెకి తగిలించింది. పరీక్ష పెట్టె అంటే ఒక పాత టీవీ, దాని ముందు చెక్కలో బిగించిన జాయ్‌స్టిక్కులు, ఇద్దరు ఆడడానికి సరిపడా బటన్లు. తెరమీద మేడ లేదు, దొంగ లేడు, చింపిన కాగితాలు గాలికి ఎగురుతున్నట్టు ముక్కలు. నాడిని నడిపితే పావుగంటలో అసలు దొంగ దొరికింది: మెమరీ చిప్ ఒకటి చచ్చి ఉంది. దాన్ని మార్చగానే మేడ నిటారుగా లేచి నిలబడింది.

టీవీ ఆపేసి, అలవాటు కొద్దీ మిగతా చిప్‌లన్నిటికీ వరసగా క్లిప్పు తగిలించింది. ఆట రాసి ఉన్న చిప్‌లు ఎనిమిది. ఏడు బాగున్నాయి. ఎనిమిదోది చెడిపోయిందని చెప్పింది నాడి. అదేం పెద్ద పని కాదు. చిప్‌ని ఊడదీసి, చెరిపే పెట్టెలో పెట్టి తుడిచేసి, జాబితాలో ఉన్న మంచి నకలు మళ్ళీ రాస్తే సరి. కోడలు ఊడదీసే పనిముట్టు చేతిలోకి తీసుకుంది.

అప్పుడే అత్తగారు టీ కప్పు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

“ఆ ఎనిమిదో దాని జోలికి పోకమ్మాయ్,” అంది.

అని నాలిక కరుచుకుంది.

కోడలు చెయ్యి గాల్లో ఆగిపోయింది. కంప్యూటర్ తెర గోడ వైపు తిరిగి ఉంది. అత్తగారి కళ్ళజోడు నెత్తి మీద ఉంది. గుమ్మానికీ బల్లకీ మధ్య ఆరడుగులు.

“ఎనిమిదోదని మీకెలా తెలుసు అత్తయ్యా?”

“నాకేం తెలుసు? నోటికొచ్చిన అంకె అన్నాను. ఎనిమిది మంచి అంకె.”

“జోలికి పోవద్దని ఎందుకన్నారు?”

“పనిచేసేదాన్ని కెలకడం ఎందుకని. రేడియోలకైనా అంతేగా,” అంటూ కప్పు అక్కడ పెట్టేసి, పిల్లి అడుగులతో వెళ్ళిపోయింది. ఆ ఇంట్లో అత్తగారు పిల్లి అడుగులు వేయడం కోడలు ఎప్పుడూ చూడలేదు. ఆవిడ నడిస్తే గిన్నెలు మోగుతాయి.

కోడలు పనిముట్టు కింద పెట్టి చిప్‌ని భూతద్దం కింద చూసింది. స్టిక్కరు మూల మీద మట్టి పేరుకుని ఉంది. తడిగుడ్డతో తుడిస్తే దాని కింద ఎర్రటి చుక్క బయటపడింది. సిరా కాదు, గోళ్ళరంగు. తర్వాత నాడి ఎక్కడెక్కడ తప్పులు చూపిస్తోందో తెరిచి చూసింది. నిజంగా చెడిపోయిన చిప్‌లో తప్పులు చెదలు తిన్నట్టు అక్కడక్కడా చెల్లాచెదురుగా ఉంటాయి. ఇందులో మూడొందల పన్నెండు తప్పులున్నాయి, అన్నీ చివర్లో ఒకేచోట, బట్ట అంచుకి వేసిన కుట్టులా బారుగా ఉన్నాయి. చెదలు అంత శుభ్రంగా తినవు.

మర్నాడు పదిగంటలకి కోడలు సంచీ భుజాన వేసుకుంది.

“తీగలు కొనుక్కురావాలి అత్తయ్యా, రెండు గంటలు పడుతుంది. పెట్టె మీద ఆ ఆట నడుస్తోంది. వేడెక్కుతుందేమో చూడాలని అలా వదిలేశా. దాన్ని ముట్టుకోకండేం.”

“నాకెందుకమ్మా అవన్నీ,” అంది అత్తగారు బఠాణీలు ఒలుస్తూ, తల ఎత్తకుండా.

కోడలు సందు చివరి దాకా వెళ్ళి, పక్కింటి గోడ పక్కనుంచి చుట్టు తిరిగి, పెరటి గుమ్మంలోంచి చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికొచ్చింది. వంటగదిలో బఠాణీల గిన్నె ఒంటరిగా ఉంది. వీధి గదిలోంచి టక్ టక్‌మని దొంగ మెట్లెక్కుతున్న చప్పుడు. ఆ చప్పుడు మీద అత్తగారి గొంతు.

“రా నాయనా, రా... ఇటు చూడు... అటు తిరుగు. తిరిగావా సన్నాసీ! పదరా దొంగా, పద.”

తొంగి చూస్తే ఏముంది! అత్తగారు జాకెట్టు చేతులు మోచేతుల దాకా మడిచి, పెట్టె ముందు కాళ్ళు ఎడం చేసి నిలబడి, చూపుడువేలితోనూ బొటనవేలితోనూ జాయ్‌స్టిక్‌ని పువ్వు పట్టుకున్నంత సుతారంగా పట్టుకుని ఉంది. పదకొండో అంతస్తు. సెలూన్‌లో ఇన్నేళ్ళలో ఎవరూ తొమ్మిదో అంతస్తు దాటలేదని సెలూన్ ఆయనే చెప్పాడు.

కోడలు కాసేపు ఓపిక పట్టింది. తర్వాత ఆగలేకపోయింది.

“అత్తయ్యా, రేడియోలో పాటలు బాగా వస్తున్నాయా?”

తెరమీద దొంగ మెట్ల మీంచి జారి కాపలావాడి చేతిలో పడ్డాడు. అత్తగారు వెనక్కి తిరిగింది. సిగ్గుపడుతుందేమో అనుకుంది కోడలు. ఎక్కడి సిగ్గు!

“నీ మూలంగా ఒక నిండు ప్రాణం పోయింది,” అంది తెర వైపు చెయ్యి చూపిస్తూ.

తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పుకొచ్చింది. అది ఆట బోర్డుల ఫ్యాక్టరీ. తను పనిచేసింది టెస్టింగ్ టేబుల్ మూడులో. బోర్డు పూర్తవగానే పది నిమిషాలు ఆడి చూసి, బాగుంటే ముద్ర వేయడం పని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆటలే.

“రోజంతా ఆటలాడితే జీతమిస్తారని సంబంధం చూడ్డానికొచ్చిన వాళ్ళతో అంటే కూర్చుంటారా? మా అమ్మే రేడియోలని చెప్పమంది. ఒకసారి అన్నాక ఇంక దాని మీదే నిలబడ్డాను.”

టేబుళ్ళు నాలుగు, నలుగురూ ఆడవాళ్ళే. పైన ఒక సూపర్‌వైజరు. బట్టతల, కడుపు, చేతిలో ఎప్పుడూ ఒక ఇత్తడి గంట. టీకి పది నిమిషాలు ఇవ్వాలని రూలుంటే ఏడో నిమిషానికే గణగణలాడించేవాడు. అందుకని అతని పేరు గంట. మూలగదిలో ఆటలు రాసే అతనొకడు ఉండేవాడు, నోట్లో నాలిక లేని మనిషి. ఒకరోజు నలుగురూ పోయి అతని బల్ల చుట్టూ నిలబడ్డారు. మూడు రోజుల తర్వాత అతను కొత్త ఎనిమిదో చిప్ ఇచ్చాడు. పదమూడో అంతస్తులో కాపలావాడి గది తలుపు దగ్గర నిలబడి బటన్ మూడుసార్లు నొక్కితే, కాపలావాడి బదులు గంట బయటికొస్తాడు. గంట ఊపుతాడు. మెట్ల మీద కాలు జారి కిందిదాకా దొర్లుకుంటూ పోతాడు.

“కడుపు ఇంకాస్త పెద్దది చెయ్యమన్నది నేనే,” అంది అత్తగారు, కొంచెం గర్వంగానే. “ఆ చిప్‌లు కలిసిపోకుండా నాలుగో టేబుల్ ఆమె గోళ్ళరంగు చుక్క పెట్టేది. అలాంటివి నలభై బోర్డులు పంపాం. తర్వాత భయమేసి మానేశాం. ఎనిమిదోది ఏ మూలుంటుందో నాకు ఇంకా గుర్తే, నిన్న నీ పనిముట్టు అటు పోయేసరికి నోరు జారింది.”

కోడలు జాబితాలో వెతికింది. ఇలాంటి ఎనిమిదో చిప్ ఇదివరకు ఆరుసార్లు, ఆరు దేశాల్లో కనబడింది. ఆరుసార్లూ గుడ్లగూబ ‘చెడిపోయిన నకలు’ అని రాసుకున్నాడు. ఆరుగురూ దాన్ని తుడిచేసి మంచిది రాసుకున్నారు.

“అంటే ఆరుగురు గంటలు పోయారన్నమాట,” అంది అత్తగారు. “అసలు గంట కూడా ఈపాటికి పోయే ఉంటాడు. అంత మూర్ఖుణ్ణి మళ్ళీ చూస్తామా!”

ఆ సాయంత్రమే కోడలు గుంపుకి రాసింది: అది చెడిపోయిన చిప్ కాదు, ఫ్యాక్టరీలోనే కావాలని చేసింది, చేసినవాళ్ళలో ఒకరు మా ఇంట్లోనే ఉన్నారు. గంటలోపు గుడ్లగూబ జవాబు వచ్చింది. కోడలు తర్జుమా చేసి చదివి వినిపించింది.

“‘రిపేరు తప్పిన ప్రతివాడూ తన దగ్గరున్నది అరుదైన రకమంటాడు. ఆట మొదలయ్యేటప్పుడు బోర్డే తనని తాను చూసుకుని ఎనిమిదో చిప్ తప్పు అంటోంది. బోర్డు మాట నమ్మాలా, మీ ఇంట్లో వాళ్ళ మాట నమ్మాలా?’ అంటున్నాడు.”

అత్తగారు కళ్ళజోడు నెత్తి మీంచి ముక్కు మీదికి దించింది. యుద్ధానికి కత్తి దూసినట్టే అది.

“రాయి. ఓరి గుడ్డి గూబా, బాగుందని ముద్ర వేసే చెయ్యి నాది, ఆ బోర్డుది కాదు. నువ్వు పుట్టక ముందు నుంచీ ఆ బోర్డు అలాగే అంటోంది. మేం నలుగురం దాన్ని చూసి నవ్వుకుని ముద్ర కొట్టేవాళ్ళం.”

కోడలు రాసింది: తమరి సందేహం సమంజసమే. అయితే ఆ రోజుల్లో నాణ్యత నిర్ణయించింది టెస్టింగ్ టేబుల్ మూడు.

“అంతే రాశావా? నేను చాలా అన్నానే!”

“ఆ భాషలో అంతే అవుతుంది అత్తయ్యా.”

“ఏం దిక్కుమాలిన భాష,” అంది అత్తగారు.

గుడ్లగూబ ఒకటే మాట పట్టుకున్నాడు: చూపించండి. వీడియో తీసి చూపించండి. అత్తగారు తొడ చరిచింది. “రేపే” అంది.

రేపు కాలేదు. ఎల్లుండీ కాలేదు. ఒంటరిగా ఆడితే పదకొండు దాకా వెళ్ళిన మనిషి, కోడలు ఫోను పట్టుకుని వీడియో తీస్తుంటే ఐదులో జారి, ఏడులో దొరికిపోయి, ఒకసారైతే మొదటి మెట్టు మీదే కాపలావాడికి ఎదురెళ్ళి కౌగిలించుకుంది. మణికట్టు నొప్పెట్టింది. బఠాణీలు ఒలవడం ఆగిపోయింది. గురువారం మధ్యాహ్నం భోజనానికి కొడుకు ఇంటికొచ్చాడు. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసే పని అతనిది. గుమ్మంలో నిలబడి, తల్లి జాయ్‌స్టిక్ మీద పడి బూతు ఒకటి అనడం చూశాడు.

“అమ్మా!”

“అన్నం పొయ్యి మీదుంది, పెట్టుకు తిను. తొమ్మిదో అంతస్తులో ఉన్నాను.”

అతను కదల్లేదు. పెళ్ళాం వైపు చూశాడు. ఆమె ఫోను వెనక మొహం దాచుకుంది.

“ఆటలాడితే కళ్ళు పోతాయని చెప్పావు నాకు. నీ మాట నమ్మి కళ్ళజోళ్ళ పని నేర్చుకున్నాను. వీధిలో అందరి ముందూ గేమ్ షాపులోంచి నన్ను చెవి పట్టుకుని లాక్కొచ్చావు, గుర్తుందా?”

“గుర్తుంది. నిన్ను లాక్కొచ్చింది ఆడినందుకు కాదురా,” అంది అత్తగారు తెర మీంచి కళ్ళు తిప్పకుండా. “అంత చెత్తగా ఆడుతుంటే నలుగురిలో చూడలేక. నా కడుపున పుట్టి రెండో అంతస్తులో చస్తావా!”

ఆ రోజు అతను షాపుకి ఆలస్యంగా వెళ్ళాడు. వెళ్ళేముందు రెండు ఆటలు ఆడాడు. రెండుసార్లూ రెండో అంతస్తులోనే చచ్చాడు. తల్లి వీపు నిమిరింది.

శుక్రవారం మధ్యాహ్నం కోడలు ఒక ఉపాయం చేసింది. ఫోనుని పుస్తకాల మధ్య ఆనించి, “ఇవాళ తీయను, నా చెయ్యి నొప్పెడుతోంది” అని వంటగదిలోకి పోయింది. ఇరవై నిమిషాలకి కేక వినబడి పరుగెత్తుకొచ్చింది. పదమూడో అంతస్తు. దొంగ తలుపు ముందు నిలబడి ఉన్నాడు. అత్తగారు ఊపిరి బిగబట్టి బటన్ నొక్కింది. ఒకటి, రెండు, మూడు.

తలుపు తెరుచుకుని మామూలు కాపలావాడు వచ్చి దొంగని పట్టుకుపోయాడు.

మళ్ళీ మొదలుపెట్టి, నాలుగింటి దాకా ఆడి, మళ్ళీ పదమూడుకి చేరి, మళ్ళీ మూడుసార్లు నొక్కింది. అదే కాపలావాడు.

అత్తగారు కుర్చీలో కూలబడింది. ఆ మొహంలో కొంటెతనం పూర్తిగా ఆరిపోయింది.

“అమ్మాయ్, ఇదంతా నేను ఊహించుకున్నానంటావా? నలుగురం కలిసి ఏడిపించామని, నవ్వామని... ఇన్నేళ్ళు దాచుకుంది అసలు జరగనే లేదా?”

“గోళ్ళరంగు చుక్క ఉందిగా అత్తయ్యా.”

“చుక్క ఎవరైనా పెడతారు.”

ఆ రాత్రి ఆవిడ పెందలాడే పడుకుంది. కోడలు వీడియో పంపకుండా ఊరుకోలేకపోయింది. ఓడిపోయిన వీడియోనే ఉన్నదున్నట్టు పంపింది: మాకు కుదరలేదు, అయినా మా మాట మీదే ఉన్నాం, చిప్‌లో ఉన్న మూడొందల పన్నెండు ముక్కలూ ఇదుగో, ఎవరైనా విప్పి చూడండి.

శనివారం పొద్దున టీ వేళకి జవాబు వచ్చి ఉంది. గుడ్లగూబే రాశాడు. అది చెత్త అని నిరూపించడానికే ఆ ముక్కలు విప్పడం మొదలుపెట్టాడట.

“ఏమంటాడు?” అంది అత్తగారు నీరసంగా.

కోడలు ఒక్కో మాటా చదివింది. “‘ఇందులో ఒక బట్టతల ఉంది. గంట ఉంది. కడుపు ఉంది, చాలా పెద్దది. మొదటి ఆటగాడు మూడుసార్లు నొక్కుతున్నప్పుడు రెండో ఆటగాడి బటన్ నొక్కి పట్టుకుని ఉండాలి. నేను పొరబడ్డాను.’”

కింద మిగతా సభ్యులందరూ ఆ చివరి మాటని ఫోటో తీసి దాచుకున్నామని రాశారు.

అత్తగారు మాత్రం రెండో ఆటగాడి దగ్గరే ఆగిపోయింది. “నాలుగో టేబుల్!” అంది. “నేను ఆడుతుంటే తను పక్కనుంచి చెయ్యి చాపి నొక్కేది. ఇంకో ఇద్దరు గంట వస్తున్నాడేమోనని కాపలా. ఆ చెయ్యే మర్చిపోయాను చూడు. అంతా నేనే చేశాననుకున్నాను.” కళ్ళు తుడుచుకుని వెంటనే లేచింది. “రా, నిలబడు ఇక్కడ. నీ గోళ్ళకి రంగు లేదుగానీ, సరిపెట్టుకుందాం.”

మొదటి ప్రయత్నంలోనే పదమూడు. కోడలు రెండో బటన్ మీద వేలు పెట్టి నొక్కి పట్టుకుంది. ఒకటి, రెండు, మూడు. తలుపు తెరుచుకుంది. ముందు కడుపు వచ్చింది. దాని వెనక మనిషి వచ్చాడు. తెరమీద నాలుగు చుక్కలంత ఉన్న గంట ఎత్తి ఊపాడు, కాలు జారింది, పదమూడు అంతస్తులూ దబదబ దొర్లుకుంటూ పోయాడు. అత్తాకోడళ్ళు ఒకరి భుజాలొకరు పట్టుకుని, పక్కింటివాళ్ళు గోడ మీంచి ఏమైందని అడిగేదాకా నవ్వారు.

ఆదివారం పదకొండింటికి ఇద్దరూ బోర్డు తీసుకుని సెలూన్‌కి వెళ్ళారు. కుర్చీలో ఒక ముసలాయన గెడ్డం నిండా నురగతో వెనక్కి వాలి ఉన్నాడు. కోడలు యంత్రం వెనక తలుపు తీసి బోర్డు బిగిస్తోంది. అత్తగారు బల్ల మీద కూర్చుని పాత పత్రిక తిరగేస్తోంది.

“ఏమ్మా, ఇంకా అవలేదా?” అంది నురగ లోపల్నుంచి గొంతు. “పది నిమిషాల పనికి ఇంతసేపా?”

అత్తగారి వెన్ను కర్రలా నిటారుగా అయింది. పత్రిక మొహానికి అడ్డం లేచింది. కోడలు వైపు వంగి, “ఆయనే” అంది గుసగుసగా.

సెలూన్ ఆయన కత్తి నూరుతూ నవ్వాడు. “మా మావగారు చెల్లెమ్మా. బోర్డూ యంత్రమూ ఆయనవే. ఫ్యాక్టరీ మూసేసిన రోజున ఇంటికి తెచ్చుకున్నాడు. మా ఇంట్లో చోటు లేదని నేను ఇక్కడ పెట్టాను. అప్పట్నుంచీ రోజూ ఉన్న నాలుగు వెంట్రుకలూ గీయించుకునే వంకతో వచ్చి ఆడతాడు.”

ముసలాయన సగం నురగతోనే లేచి వచ్చి యంత్రం ముందు నిలబడ్డాడు. నాలుగో అంతస్తు దాకా బాగానే వెళ్ళాడు. ఐదులో దొరికిపోయాడు.

“ఈ ఆటలో నేనున్నాను, తెలుసా?” అన్నాడు కోడలితో. “మూసేసిన రోజున, ఆటలు రాసే అతను నా దగ్గరికొచ్చి, ఈ బోర్డులో మీరున్నారు సార్, క్షమించండి అని పారిపోయాడు. ఎక్కడున్నానో చెప్పలేదు. అప్పట్నుంచీ వెతుకుతున్నాను. ఎప్పుడూ ఆరు దాటలేదు.”

కోడలు అత్తగారి వైపు చూసింది. పత్రిక వణుకుతోంది. భయంతోనో నవ్వుతోనో తెలీలేదు. కాసేపటికి ఆ పత్రిక మెల్లగా మడతపడింది. అత్తగారు లేచి, యంత్రం దగ్గరికి నడిచి, చేతులు మోచేతుల దాకా మడిచింది.

“కాస్త పక్కకి జరగండి సార్.”

గుండు చేయించుకుంటున్నవాళ్ళూ చేయించుకోవలసినవాళ్ళూ అందరూ చుట్టూ చేరారు. తొమ్మిది దాటగానే ఎవరో ఈల వేశారు. పదమూడులో తలుపు ముందు దొంగని నిలబెట్టి అత్తగారు, “ఆ రెండో బటన్ నొక్కి పట్టుకోండి” అంది. ముసలాయన నురగ చేత్తోనే నొక్కాడు.

ముందు కడుపు వచ్చింది.

ముసలాయన వంగి, ముక్కు తెరకి తగిలేంత దగ్గరగా చూశాడు. తనని తాను చివరి మెట్టు దాకా దొర్లనిచ్చాడు.

“నాకు ఇంత కడుపు లేదు,” అన్నాడు.

“ఉండేది సార్.”

ఆయన తల తిప్పి ఆవిడ వైపు, ఆ మడిచిన చేతుల వైపు చూశాడు. “టేబుల్ మూడా?”

“అవును సార్.”

“ఏడో నిమిషానికే గంట కొట్టేవాణ్ణి కదూ?”

“ఒక్కోరోజు ఆరుకే సార్.”

ముసలాయన నవ్వాడు. నురగ చెంప మీంచి చొక్కా మీదికి జారింది. “ఇంకోసారి చూపించు,” అన్నాడు.

ఆ వారమే గుడ్లగూబ నాడిలో నాలుగో మాట ఒకటి చేర్చాడు. బాగుంది, చెడిపోయింది, ఎప్పుడూ చూడలేదు, వాటి కింద: కొంటె. తుడిచేముందు ఎవరినైనా అడగండి అని పక్కన రాసి పెట్టాడు. రెండు నెలల్లో ఆ మాట కింద ఇంకో పదకొండు చిప్‌లు చేరాయి. ఎవరో ఒకడు తన ఆటలో వానపామొకటి పాట పాడుతోందని రాశాడు.

ఇప్పుడు మంగళవారాలు ముసలాయన వీధి గదికి వస్తున్నాడు. ఏ నెలలో ఏ చిప్ దొరక్క దాని బదులు ఏది వాడారో, ఎక్కడ ఏ తీగ అతుకు వేశారో ఆయన బుర్రలో ఇంకా ఉంది. ఏ పటంలోనూ లేని సంగతులవి, గుంపంతా వాటికోసం కాచుకు కూర్చుంటోంది. ఆయన చెబుతాడు, కోడలు టైపు చేస్తుంది, అత్తగారు కాదంటుంది.

“సౌండు చిప్ పక్కన అతుకు వేసిన తీగ ఆకుపచ్చది,” అన్నాడు మొన్న.

“నీలం,” అంది అత్తగారు టీ పోస్తూ.

“నేను సూపర్‌వైజర్ని.”

“ముద్ర నాది.”

కోడలు రెండు రంగులూ రాసి, పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టి, గుడ్లగూబకి పంపించింది.